తాళం కాదు.. తాఖీదే దారి

అద్దె ఇంటిని ఖాళీ చేయించుకోవడంలో యజమానులు తరచుగా చేసే పొరపాట్లు.. చట్టం చూపిన మార్గాలు

శ్రీకాకుళం, విజయనగరం: ఉద్యోగ విరమణ అనంతరం సొంత ఊళ్లో స్థిరపడదామని హైదరాబాదు నుంచో, చెన్నై నుంచో తిరిగివచ్చిన పెద్దాయన. శ్రీకాకుళంలోని బలగలోనో, విజయనగరం కంటోన్మెంటులోనో పదేళ్ల కిందట అద్దెకిచ్చిన చిన్న ఇల్లు. ‘పిల్లల పరీక్షలు కానివ్వండి’, ‘శ్రావణమాసం రానివ్వండి’ అంటూ వాయిదాలు వేస్తున్న అద్దెదారు. ఆర్నెల్లుగా అద్దె కూడా లేదు. పోలీసుస్టేషనుకు వెళితే ‘ఇది సివిల్‌ తగాదా, కోర్టులో తేల్చుకోండి’ అనే సమాధానం. విసిగిపోయిన యజమానికి అప్పుడే ఎవరో ఒకరు సలహా ఇస్తారు.. కరెంటు తీయించండి, సామాను బయట పెట్టించి తాళం వేయండి అని.

ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఈ దృశ్యం కొత్తది కాదు. ఉపాధి కోసం దూర ప్రాంతాలకు వెళ్లిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న జిల్లాలివి. ఊళ్లో ఉన్న ఇల్లే వారి జీవితకాలపు పొదుపు. అద్దెకిచ్చేటప్పుడు కాగితంపై పెట్టని శ్రద్ధ, ఖాళీ చేయించేటప్పుడు చూపే తొందర కలిసి న్యాయమైన కేసును సైతం బలహీనపరుస్తున్నాయి. తాళం వేసిన మరుక్షణం యజమాని స్థానం తారుమారవుతుంది. అప్పటివరకు హక్కుదారుగా ఉన్న వ్యక్తి సంజాయిషీ ఇచ్చుకోవలసిన వ్యక్తిగా మారుతాడు.

బలప్రయోగం చేస్తే..

గడువు ముగిసినా, అద్దె చెల్లించకపోయినా అద్దెదారును సొంత బలంతో వెళ్లగొట్టే అధికారం యజమానికి లేదు. లల్లూ యశ్వంత్‌సింగ్‌ కేసులోనూ, 1989లో కృష్ణారామ్‌ మహాలే కేసులోనూ సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. స్థిరమైన స్వాధీనంలో ఉన్న వ్యక్తిని, అతనికి అక్కడ కొనసాగే హక్కు లేకపోయినా, చట్టప్రకారం మాత్రమే తొలగించాలన్నది ఆ తీర్పుల సారాంశం.

ఇందుకు వెన్నుదన్నుగా నిలిచేది 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్‌. బలవంతంగా వెళ్లగొట్టబడిన వ్యక్తి ఆరు నెలల లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న జోలికి పోకుండానే కోర్టు అతనికి స్వాధీనం తిరిగి ఇప్పించగలదు. రిజిస్టర్డ్‌ దస్తావేజు చూపించినా యజమానికి అక్కడ ఉపయోగం ఉండదు. ఆ ఉత్తర్వుపై అప్పీలు కూడా లేదు. దీనికి తోడు అక్రమ ప్రవేశం, బెదిరింపు వంటి ఆరోపణలతో క్రిమినల్‌ కేసు నమోదైతే, ఖాళీ చేయించబోయిన యజమాని బెయిలు కోసం తిరగవలసి వస్తుంది.

కరెంటు, నీరు ఆపడమూ ఇటువంటిదే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 14వ సెక్షన్‌లోనే దీనిని నిషేధించారు. విద్యుత్తు కనీస సౌకర్యమని, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న ఒక్క కారణంతో అద్దెదారుకు దానిని నిరాకరించరాదని 2022లో దిలీప్‌ వర్సెస్‌ సతీష్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈపీడీసీఎల్‌ కార్యాలయానికి వెళ్లి ‘నా పేరున ఉన్న మీటరే కదా, తీసేయండి’ అని కోరే యజమాని ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏ తలుపు తట్టాలి?

ఖాళీ చేయించే ప్రక్రియలో మొదటి చిక్కు వేదికది. ‘రెంట్‌ కంట్రోల్‌లో కేసు వేశాను’ అన్న మాట పాతతరం యజమానుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం 1960లో వచ్చింది. పురపాలక సంఘాల పరిధిలోని భవనాలకు వర్తించేలా దానిని రూపొందించారు. అందువల్ల శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వంటి పట్టణాలు ఒక దారిలోనూ, చుట్టుపక్కల పంచాయతీలు మరో దారిలోనూ నడిచాయి. పైడిభీమవరం పారిశ్రామికవాడ పరిసరాల్లో కార్మికులకు గదులు అద్దెకిచ్చిన యజమానికి, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వద్ద దుకాణం అద్దెకిచ్చిన యజమానికి వర్తించిన న్యాయసూత్రాలు ఒకటి కావు.

ఆ చట్టం కింద ఖాళీ చేయించాలంటే 10వ సెక్షన్‌లో పేర్కొన్న కారణాల్లో ఏదో ఒకటి రుజువు కావాలి. ఒప్పందంలో గడువు లేనప్పుడు ఒక నెల అద్దెను మరుసటి నెలాఖరులోగా చెల్లించకపోవడం, యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇచ్చిన అవసరానికి కాక మరొకదానికి వాడడం, భవనం విలువ తగ్గేలా పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా మారడం, సహేతుక కారణం లేకుండా నాలుగు నెలలపాటు వాడకుండా ఉంచడం, దురుద్దేశంతో యజమాని హక్కునే కాదనడం వాటిలో ముఖ్యమైనవి. యజమాని సొంత అవసరం మరొక కారణం. అద్దె ఎగవేత ఉద్దేశపూర్వకం కాదని తేలితే బకాయి కట్టేందుకు 15 రోజులకు మించని గడువు ఇచ్చే వీలుండేది. గడువు ముగిసిందన్నది మాత్రం ఆ జాబితాలో లేదు. యజమానులను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

ఆ రక్షణ అన్ని ఇళ్లకూ ఉండేది కాదు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు శాశ్వతంగా మినహాయింపునిచ్చిన నిబంధనను 1983లో మోటార్‌ జనరల్‌ ట్రేడర్స్‌ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తదుపరి కాలంలో 2005 సవరణ కొత్త గీత గీసింది. నిర్మాణం పూర్తయిన నాటి నుంచి 15 ఏళ్లు నిండని భవనాలను, నెల అద్దె కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన భవనాలను చట్టం వెలుపల ఉంచింది. ఆనాటికి శ్రీకాకుళం, విజయనగరం రెండూ మున్సిపాలిటీలే. కనుక ఇక్కడ గీత 2,000 రూపాయల వద్దనే ఉండేది. ఆ లెక్కన మంచి కూడళ్లలోని దుకాణాలు, కొత్త అపార్టుమెంట్లు అద్దె నియంత్రణ నుంచి బయటపడ్డాయి. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సివిల్‌ కోర్టే దిక్కయ్యాయి.

2017లో రాష్ట్ర శాసనసభ నివాస, నివాసేతర భవనాల అద్దెలపై మరో చట్టాన్ని ఆమోదించింది. పాత నియంత్రణ విధానాన్ని తొలగించి, లిఖిత ఒప్పందానికి పెద్దపీట వేస్తూ, వివాదాల పరిష్కారానికి ప్రత్యేక వేదికలను ఉద్దేశించిన చట్టమది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టానిదీ ఇదే ధోరణి. ఇంటికి రెండు నెలల అద్దె, దుకాణానికి ఆరు నెలల అద్దె మించి అడ్వాన్సు తీసుకోరాదని, గడువు మించి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపై నాలుగింతలు చెల్లించాలని ఆ నమూనా చెబుతుంది. అయితే రాష్ట్రాలకు అది మార్గదర్శి మాత్రమే. దానిని చూపించి ఇక్కడ నాలుగింతల అద్దె అడగడం కుదరదు.

అద్దె ఎప్పుడు మొదలైంది, భవనం ఏ పరిధిలో ఉంది, దాని వయసెంత అన్న వివరాలను న్యాయవాది ముందుంచి, కేసు ఏ వేదికకు చెందుతుందో తాఖీదు పంపకముందే తేల్చుకోవాలి. తప్పు వేదికలో వేసిన కేసు ఏళ్ల తరువాత విచారణార్హత లేదని వీగిపోతే పోయిన కాలం తిరిగిరాదు.

పదకొండు నెలల భ్రమ

వంద రూపాయల స్టాంపు కాగితంపై 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే రిజిస్ట్రేషను అవసరం లేదన్న నమ్మకం రెండు జిల్లాల్లోనూ బలంగా ఉంది. దేశంలోని పలు రాష్ట్రాల విషయంలో అది నిజమే. ఏడాదికి మించిన లీజునే తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం చెబుతోంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఆ కాలపరిమితిని తీసివేసింది. స్థిరాస్తి లీజు పత్రం ఎంతకాలానికి రాసినా రిజిస్ట్రేషను తప్పనిసరి జాబితాలోకి వచ్చింది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం గడప తొక్కకుండా రాసుకున్న 11 నెలల కాగితాన్ని కోర్టులో చూపితే, షరతుల రుజువుగా దానిని స్వీకరించడంపై ఎదుటి పక్షం అభ్యంతరం లేవనెత్తుతుంది. స్టాంపు సుంకం చాలకపోతే పది రెట్ల జరిమానా వరకు పడవచ్చు.

అలాగని రిజిస్ట్రేషను లేకపోతే ఇల్లు పోయినట్లు కాదు. స్వాధీనం ఇచ్చి, నెలనెలా అద్దె తీసుకుంటుంటే చట్టం దృష్టిలో అది నెలవారీ కౌలు అవుతుందని 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2016లో పార్క్‌ స్ట్రీట్‌ ప్రాపర్టీస్‌ కేసులోనూ అదే చెప్పింది. కాగితమే లేని నోటిమాట ఒప్పందానికి కూడా ఇదే వర్తిస్తుంది. యజమాని నష్టపోయేది ఇల్లు కాదు, షరతులు. ఏటా పది శాతం అద్దె పెంపు, రంగులకు కోత, ముందస్తు ఖాళీ నిబంధన వంటివి రుజువు చేసుకోవడం కష్టమవుతుంది.

మరో భ్రమ యజమానులను నిద్రపోనివ్వదు. ‘పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదే’ అన్నది. అది సరికాదు. అద్దెకు వచ్చిన వ్యక్తి ఆ స్వాధీనంలో ఉండగా, తనను లోపలికి రానిచ్చిన యజమానికి హక్కు లేదని వాదించరాదు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ సూత్రం 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతోంది. కాలపరిమితి చట్టంలో చెప్పిన 12 ఏళ్లు అద్దెదారీ రద్దయిన రోజు నుంచి లెక్కకు వస్తాయి. ముప్పై ఏళ్లుగా అద్దె కడుతున్న కుటుంబమైనా అద్దెదారే. నిజానికి యజమాని భయపడవలసింది మరో గడువుకు. అద్దె బకాయి వసూలుకు ఉన్న వ్యవధి మూడేళ్లే. ‘పోనీలే, తరువాత ఇస్తాడు’ అని ఊరుకుంటే మూడేళ్లకు ముందరి బాకీపై ఆశ వదులుకోవలసిందే.

తాఖీదులో ఏముండాలి?

నెలవారీ అద్దెదారీని రద్దు చేసేందుకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌ 15 రోజుల నోటీసు కోరుతోంది. అది లిఖితపూర్వకంగా, యజమాని లేదా ఆయన తరఫువారి సంతకంతో ఉండాలి. తపాలాలో పంపవచ్చు, అద్దెదారుకు స్వయంగా ఇవ్వవచ్చు, ఇంట్లోని కుటుంబ సభ్యులకు లేదా పనివారికి అందజేయవచ్చు. అవేవీ వీలుకాకపోతే ఇంటికి కనిపించే చోట అతికించవచ్చు. తపాలాశాఖ 2025లో రిజిస్టర్డ్‌ పోస్టును స్పీడ్‌ పోస్టులో విలీనం చేసింది. కాబట్టి ఇప్పుడు స్పీడ్‌ పోస్టు రసీదు, బట్వాడా వివరాలను భద్రపరచుకోవాలి. సరైన చిరునామాకు పంపిన ఉత్తరాన్ని తీసుకోకుండా తిప్పిపంపితే ‘నిరాకరించారు’ అని పోస్టుమాన్‌ రాసిన కవరే సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ కవరును చింపకుండా అలాగే న్యాయవాదికి ఇవ్వాలి.

ఒకప్పుడు నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతో సరిగ్గా ముగియాలన్న నియమం ఉండేది. ఒక్క రోజు తేడాతో కొట్టివేసిన కేసులెన్నో. 2003లో వచ్చిన సవరణ ఆ ముడిని విప్పింది. నోటీసులో రోజులు తక్కువ రాసినా, చట్టం చెప్పిన 15 రోజులు గడిచాకే దావా వేస్తే అది చెల్లుతుంది.

నోటీసు ఇచ్చిన తరువాత అద్దె తీసుకోవచ్చా? అలా తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దయినట్లు కాదని 2006లో సరూప్‌సింగ్‌ గుప్తా కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. అయినా రసీదుపై ‘నా హక్కులకు భంగం లేకుండా, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా మాత్రమే’ అని రాయడం మేలు. ఫోన్‌ ద్వారా వచ్చి ఖాతాలో పడే మొత్తాలకు కూడా ఈ మాటను ఒక సందేశంగా పంపి ఉంచుకోవచ్చు.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కర్మాగారాలు, జిల్లాలోని రైస్‌ మిల్లుల యజమానులు ఒక తేడా గమనించాలి. తయారీ పనులకు ఇచ్చిన లీజును, వేరే ఒప్పందం లేనప్పుడు, 106వ సెక్షన్‌ ఏడాది లీజుగా పరిగణించి ఆరు నెలల నోటీసు కోరుతుంది. అయితే ఏడాది లీజు రిజిస్టర్డ్‌ పత్రం ద్వారానే ఏర్పడాలి కనుక, అది లేనిచోట ఏ గడువు వర్తిస్తుందన్నది వాదనకు వస్తుంది. ఆరు నెలల నోటీసే ఇస్తే ఆ వాదనకు తావుండదు.

దావా నుంచి డిక్రీ వరకు

నోటీసుకు కదలకపోతే సివిల్‌ దావా. ఇక్కడ యజమానికి ఊరటనిచ్చే అంశం కోర్టు రుసుము. రాష్ట్ర కోర్టు ఫీజుల చట్టం 40వ సెక్షన్‌ ప్రకారం అద్దెదారు నుంచి స్వాధీనం కోరే దావాలో రుసుమును ఇంటి మార్కెట్‌ విలువపై కాక, దావాకు ముందరి ఏడాది అద్దెపై లెక్కిస్తారు. యాభై లక్షల ఇల్లయినా నెలకు 6,000 రూపాయల అద్దె ఉంటే లెక్క 72,000 రూపాయల మీదనే.

దావాలో స్వాధీనంతో పాటు బకాయిలు, నోటీసు గడువు ముగిసిన నాటి నుంచి ఇల్లు అప్పగించే వరకు నష్టపరిహారం కోరాలి. అద్దె కట్టకుండా వాయిదాలతో కాలం గడిపే అద్దెదారుకు కళ్లెం వేసేందుకు రాష్ట్రంలో సివిల్‌ ప్రక్రియా స్మృతికి 15-ఎ ఆర్డరును చేర్చారు. కేసు నడుస్తుండగా అద్దె జమచేయకపోతే అతని ప్రతివాదాన్నే కొట్టివేసే వీలు కోర్టుకు ఉంటుంది. ‘నేను అద్దెదారునే, అద్దె ఇంత, నోటీసు అందింది’ అని ఎదుటివారు జవాబులో ఒప్పుకుంటే, పూర్తి విచారణ లేకుండానే తీర్పు కోరేందుకు 12వ ఆర్డరు 6వ నియమం తోడ్పడుతుంది. ఈ రెండింటినీ అడిగే యజమానులు తక్కువ.

అన్నదమ్ముల ఉమ్మడి ఇళ్ల విషయంలో ఒక సందేహం ఎప్పుడూ వస్తుంది. ఒక్క వాటాదారు కూడా ఖాళీ చేయింపు దావా వేయవచ్చునని 1976లో శ్రీరామ్‌ పస్రీచా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన సోదరులు అభ్యంతరం చెప్పకుండా ఉంటే చాలు. విదేశాల్లో ఉన్నవారు ఊళ్లోని బంధువు పేర పవరాఫ్‌ పట్టా రాసి కేసు నడిపించుకోవచ్చు. కానీ యజమానికి మాత్రమే తెలిసిన విషయాలపై ఆ బంధువు సాక్ష్యం చెల్లదని 2004లో సర్వోన్నత న్యాయస్థానం తేల్చినందున, సాక్ష్యం రోజున యజమాని రావలసి ఉంటుందని ముందే అనుకోవాలి.

డిక్రీ చేతికి వచ్చినంత మాత్రాన తాళంచెవి రాదు. అమలు పిటిషన్‌ (ఈపీ) వేయాలి. కోర్టు వారంటుతో అమీనా వచ్చి, కదలనివారిని తొలగించి స్వాధీనం అప్పగిస్తారు. తలుపు తీయకపోతే కోర్టు అనుమతితో తాళం పగలగొట్టేదీ, పోలీసు సాయం వచ్చేదీ ఈ దశలోనే. మొదట్లో యజమాని సొంతంగా చేయబోయిన పనే ఇది. అప్పుడు నేరం, ఇప్పుడు కోర్టు ఉత్తర్వు. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్‌ ఎస్‌. షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అద్దెదారు అప్పీలుకు వెళ్లి స్టే అడిగితే, పాత అద్దె కాకుండా నేటి మార్కెట్‌ అద్దె స్థాయిలో పరిహారం కట్టాలన్న షరతు పెట్టవచ్చునని 2004 నాటి ఆత్మారామ్‌ ప్రాపర్టీస్‌ తీర్పు చెబుతోంది. అప్పీలు కోర్టులో ఈ కోరికను ముందుంచాలి.

మన్యంలో దారి వేరు

ఇవన్నీ మైదాన ప్రాంతపు మాటలు. 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు షెడ్యూల్డ్‌ ప్రాంతంగా ప్రకటించిన గ్రామాల్లో భూబదలాయింపు నిబంధనలు అడ్డువస్తాయి. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించిన ‘1/70’ ప్రకారం అక్కడి స్థిరాస్తిని గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులతో కూడిన సహకార సంఘానికి తప్ప ఇతరులకు బదిలీ చేయడం చెల్లదు. అమ్మకం, తనఖాలతో పాటు కౌలు కూడా ‘బదిలీ’ నిర్వచనంలో ఉంది. అక్కడ గిరిజనేతరునికి దుకాణం అద్దెకిచ్చి, ఖాళీ చేయడం లేదని సివిల్‌ కోర్టుకు వెళ్లే వ్యక్తికి ఒప్పందమే ఎదురు తిరుగుతుంది. ఆ వివాదాలను విచారించేది స్పెషల్‌ డిప్యూటీ కలెక్టరు. దేవస్థానాల దుకాణాలకు, స్థలాలకు దేవాదాయ చట్టం వేరుగా ఉంది.

రాజీకి కోర్టు ముద్ర

వాయిదాల బాట పట్టలేని యజమానులకు శ్రీకాకుళం, విజయనగరం కోర్టు ప్రాంగణాల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు మరో మార్గం. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు ఇచ్చి ఎదుటివారిని పిలిపించవచ్చు. పెద్దమనుషుల పంచాయితీలో ‘సంక్రాంతికి ఖాళీ చేస్తా’ అన్న మాట సంక్రాంతి దాటగానే గాలిలో కలిసిపోతుంది. అదే మాట లోక్‌ అదాలత్‌ అవార్డులో చేరితే 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్‌ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. తేదీ తప్పితే నేరుగా అమలు పిటిషన్‌ వేయవచ్చు. కోర్టులో ఉన్న దావా ఇలా ముగిస్తే కట్టిన రుసుము వాపసు వస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. పెన్షను మీద బతికే వితంతు యజమానురాలికీ, కూలి చేసుకుంటూ ఒక గది అద్దెకున్న మహిళకూ ఈ సాయం సమానమే.

అవార్డులో కొన్ని అంశాలు విడిచిపెట్టకూడదు. ఖాళీ చేసే తేదీని ‘త్వరలో’ అని కాక రోజు, నెల, సంవత్సరంతో రాయాలి. బకాయిలో ఎంత వదులుకుంటున్నదీ, అడ్వాన్సులో ఎంత తిరిగి ఇచ్చేదీ అంకెల్లో ఉండాలి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు మీటరు రీడింగు, పన్ను, నీటి బకాయిలు చూసుకుని, స్వాధీనం అప్పగించినట్లు అద్దెదారు సంతకంతో ఇద్దరు సాక్షుల ఎదుట కాగితం తీసుకోవాలి. అడ్వాన్సు మిగులును అప్పుడే చెల్లించి రసీదు పుచ్చుకోవాలి.